సరిహద్దు పల్లెకు వెళ్ళి ఆ ఊరి పాత చరిత్ర రాబట్టడం ఎలా

పర్లాకిమిడి చుట్టుపక్కల గానీ, గుణుపురం రైలు దారిలో గానీ, బరంపురం నుంచి ఇచ్ఛాపురం వైపు వచ్చే రోడ్డుకి అటూ ఇటూ గానీ, రాయగడ దాటాక కొండల మధ్య గానీ, తెలుగు మాట్లాడే చిన్న ఊరు ఒకటి ఎంచుకోండి. వందో నూటయాభయ్యో గడపలు, ఒక చెరువు, అమ్మవారి గుడి, రామకోవెల, ఒడియా మీడియం బడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతరోజు కొండ దిగి వచ్చే సవరలతో కొంచెం సవర. అలాంటి ఊళ్ళో ఎవర్నడిగినా మొదట వచ్చే మాట ఒకటే, "మా ఊరికి చరిత్రేముంది బాబూ, చరిత్ర కావాలంటే ముఖలింగం వెళ్ళండి" అని. ముఖలింగం తప్పకుండా వెళ్ళాలి, కానీ ఈ ఊరికీ చరిత్ర ఉంది. ఒకచోట కుప్పగా లేదు, అంతే. కొంత చెన్నైలో, కొంత భువనేశ్వర్‌లో, కొంత శ్రీకాకుళం వైపు ఆడపిల్లనిచ్చిన ఇంట్లో, కొంత చెరువు గట్టు మీద రాయిలో ఉంది. దాన్ని రాబట్టడానికి నేను చేసే పద్ధతి రాస్తున్నాను. డిగ్రీలు అక్కర్లేదు, ఓపిక కావాలి. ఒడియా అక్షరాలు వస్తే మంచిది, రాకపోతే ఆ ఊళ్ళోనే పదో తరగతి చదివే ఏ పిల్లో చదివి చెప్తుంది.

బయల్దేరే ముందు: 1936కి ముందు ఈ ఊరు ఎవరిది?

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రం అయ్యేదాకా గంజాం, కోరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. పర్లాకిమిడి జమీందారీ అయితే ఆ రోజున రెండుగా చీలింది, పట్నమూ కొండ ప్రాంతమూ కొన్ని ఊళ్ళూ ఒరిస్సాకి వెళ్ళాయి, ఎస్టేటులో పెద్ద భాగం మద్రాసులోనే ఉండిపోయింది. జయపురం ఎస్టేటు అప్పటిదాకా విశాఖపట్నం జిల్లా ఏజెన్సీ, ఆ తర్వాత కోరాపుట్ జిల్లా. ఇటు మిగిలిన శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట ప్రాంతాలు గంజాం నుంచి విశాఖపట్నం జిల్లాలోకి మారి, 1950లో శ్రీకాకుళం జిల్లా అయ్యాయి. గజపతి, రాయగడ జిల్లాలు 1992లో పుట్టినవి.

ఈ వరస తెలియకపోతే ఎంత వెతికినా ఖాళీ చేతులే. గజపతి జిల్లా ఊరి గురించి గజపతి అని వెతికితే 1992కి వెనక ఏమీ కనపడదు, గంజాం అని వెతకాలి. గుణుపురం పక్క ఊరి గురించి గంజాం పుస్తకాల్లో చూస్తే ఉండదు, అది పాత విశాఖపట్నం పుస్తకాల్లో ఉంటుంది. అందుకని ఒక కాగితం తీసుకుని ఊరి పేరు పైన రాసి, ఏ కాలంలో ఏ రాష్ట్రం, ఏ జిల్లా, ఏ తాలూకా, ఏ ఎస్టేటు, ఏ ముఠా (కొన్ని కొండ ఊళ్ళ గుంపు) అని వరసగా రాసుకోండి. మొత్తం పనిలో అన్నిటికంటే ఎక్కువసార్లు తిరిగి చూసేది ఆ కాగితమే.

ఊరి పేరుకి ఉన్న స్పెల్లింగులన్నీ కూడా అదే కాగితం మీద రాయండి. తెలుగులో ఎలా, ఒడియాలో ఎలా, పాత ఇంగ్లీషు పుస్తకాల్లో ఎలా. మనం పర్లాకిమిడి అనేది ఒడియాలో పర్లాఖెముండి, మన బరంపురం ఇప్పుడు కాగితాల మీద బ్రహ్మపుర్. పెద్ద పట్నాలకే ఇలా ఉంటే చిన్న ఊళ్ళకి ఇంకెన్ని రూపాలుంటాయో మీరే ఊహించుకోండి. ఒకే పేరుతో నాలుగైదు ఊళ్ళు ఉండటం కూడా మామూలే, పురాలు, పేటలు, వలసలు ఎన్నెన్ని లేవు! పక్క ఊరి పేరు, దగ్గర్లో ఉన్న గెడ్డ (వాగు) పేరు కలిపి చూసుకుంటేనే మన ఊరని నమ్మండి.

ఇంట్లో కూర్చుని చదవగలిగినవి కొన్ని ఉన్నాయి. 1882లో అచ్చయిన మాల్ట్‌బీ గంజాం జిల్లా మాన్యువల్, 1907లో వచ్చిన ఫ్రాన్సిస్ విశాఖపట్నం గెజిటీర్, కోరాపుట్ మీద 1945లో వచ్చిన బెల్ గెజిటీర్, ఇవి ఆర్కైవ్ డాట్ ఆర్గ్ లాంటి చోట్ల దొరుకుతాయి. వీటిలో మీ ఊరి పేరు ఉండకపోవచ్చు, కానీ మీ ఎస్టేటు ఎలా నడిచిందో, కొండల్లో పితూరీలు (తిరుగుబాట్లు) ఎప్పుడు వచ్చాయో, 1866 కరువు గంజాంని ఎలా తిన్నదో ఉంటుంది. తెల్లదొరల కళ్ళతో రాసినవి కాబట్టి సవరల గురించీ కొండవాళ్ళ గురించీ వాళ్ళు వాడిన మాటల్ని అలాగే ఎత్తి రాయకండి. జనాభా లెక్కల జిల్లా పుస్తకాల్లో ఊరి వారీ పట్టికలుంటాయి. 1951 నుంచి ఒక్కొక్క పుస్తకంలో మీ ఊరి వరస చూసుకుంటూ వస్తే ఊరు పెరిగిందో తరిగిందో, బడి, కరెంటు ఏ దశాబ్దంలో వచ్చాయో తెలుస్తుంది.

శాసనాల సంగతి కొంచెం ఓపిగ్గా చూడాలి. వంశధార ఒడ్డున ఉన్న ముఖలింగం తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం. అక్కడివీ, శ్రీకూర్మంలోవీ శాసన పాఠాలు దక్షిణ భారత శాసనాల అయిదో సంపుటంలో ఉన్నాయి. గుడికి దీపం పెట్టడానికి దానమిచ్చినవాళ్ళు, వాళ్ళ ఊళ్ళు, భూముల హద్దులు వాటిలో కనిపిస్తాయి. మీ ఊరి పేరు గానీ పక్క ఊరి పేరు గానీ అక్కడ తగిలిందంటే ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ళ వెనక్కి ఒక కాలు మోపినట్టే. అలాగే ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులూ వాళ్ళ మనుషులూ ఊరూరా తిరిగి రాయించిన కైఫీయతులు (ఊళ్ళ చరిత్రల రాతలు). మెకంజీ 1821లో పోయాడు, కాబట్టి వాటిలో ఉన్నది అంతకు ముందు ఊళ్ళవాళ్ళు చెప్పుకున్న చరిత్ర. ఆ రాతప్రతులు చాలావరకు చెన్నైలో ప్రభుత్వ ప్రాచ్య లిఖిత భాండాగారంలో ఉన్నాయి. అన్ని ఊళ్ళకీ కైఫీయతు లేదు, కానీ మీ జమీందారీకి ఉందేమో చూడటం మానకండి.

ఎప్పుడు వెళ్ళాలి, ఊళ్ళోకి ఎలా అడుగుపెట్టాలి

ఉభాల (నాట్ల) రోజుల్లో, కోతల్లో వెళ్ళకండి. ఎవరికీ తీరిక ఉండదు, మీతో మాట్లాడితే వాళ్ళకి కూలి పోతుంది. సంక్రాంతి దాటాక నూర్పులైపోయి ధాన్యం ఇంటికి చేరుతుంది, అప్పట్నుంచి ఎండలు ముదిరేదాకా మంచి కాలం. చెరువులో నీళ్ళు తగ్గి గట్టు రాళ్ళు బయటపడతాయి, తుప్పలు ఎండి దిబ్బలు కనిపిస్తాయి. అమ్మవారి సంబరం జరిగే ఏడు అయితే ఆ రోజులకి తప్పకుండా మళ్ళీ వెళ్ళండి. ఏ వీధివాళ్ళు ఏ పని చేయాలి, ఘటం మొదట ఏ గుమ్మం ముందు ఆగుతుంది, ఏ ఇంటివాళ్ళకి మొదటి బొట్టు అన్నది ఊరు ఎవరెవరితో ఎలా ఏర్పడిందో చెప్పే పాత ఒప్పందం. దాన్ని ఎవరూ కాగితం మీద రాయలేదు, ఏటేటా చేసి గుర్తుంచుకున్నారు.

నేరుగా కెమెరా వేసుకుని వీధిలోకి వెళ్ళొద్దు. ఆ ఊళ్ళో చుట్టమున్న మనిషినో, బడి మాస్టారినో వెంటబెట్టుకుని వెళ్ళండి. ముందు సర్పంచినీ వార్డు మెంబర్నీ కలవండి, తర్వాత ఊరి పెద్దల్ని. ఎవరింటికొచ్చారు, ఎందుకొచ్చారు అని అడుగుతారు, అడగాలి కూడా. సూటిగా చెప్పండి, "మీ ఊరి పాత సంగతులు రాసుకుందామని వచ్చాను, రాసింది మీకే తెచ్చి ఇస్తాను" అని. సర్వే అన్న మాట మాత్రం వాడకండి. సర్వే అంటే భూమి కొలతో, రేషన్ కార్డు ఏరివేతో అని జనానికి టెన్షన్. ఇంకా సరిహద్దు ఎక్కడ, మీరు ఏ రాష్ట్రం అని మొదటి రోజే మ్యాపు పరిచి అడగొద్దు. కోరాపుట్ జిల్లా పొట్టంగి వైపు కొటియా ఊళ్ళ తగాదా 1968లోనే సుప్రీంకోర్టుకి ఎక్కింది, ఇప్పటికీ అక్కడ రెండు రాష్ట్రాల అధికారులూ తిరుగుతుంటారు. అలాంటి చోట కొత్త మనిషి మ్యాపు తీస్తే ఏమనుకుంటారో చెప్పక్కర్లేదు కదా.

ఊరంతా నడవండి, ఎవరైనా పెద్దాయన్ని వెంటబెట్టుకుని

మొదటి పూట ఏమీ అడక్కుండా నడవడం మంచిది. తెల్లవారగానే, ఎండెక్కకముందే. అరవై దాటిన రైతు ఒకాయన తోడుంటే పొలం గట్ల మీద నడుస్తున్నప్పుడు ఆయనే చెప్పుకుంటూ పోతాడు. ఇది ఫలానా బంద (చిన్న చెరువు), ఇది కరణంగారి మడి, ఇక్కడ పూర్వం తోట ఉండేది, ఈ గరువు (మెట్ట) మీద పాత ఊరు ఉండేదట అని. ఆ చివరి మాట పడగానే ఆగండి. ఈ వైపు ఊళ్ళు చాలా వరకు ఇప్పుడున్న చోటే పుట్టినవి కావు. వరదకో, మశూచికో, దొంగల భయానికో కదిలాయి. పాత ఊరున్న చోటుని పాటిదిబ్బ అంటారు, అక్కడి పాటిమన్ను బలంగా ఉంటుందని రైతులు తవ్వి పొలాలకి తోలుకునేవారు. ఆ దిబ్బ మీద వానకి తేలిన పెంకులు చూడండి, ఎర్రవి, నల్లవి, అంచు మందంగా ఉన్నవి. ఫొటో తీయండి, పక్కన స్కేలు పెట్టి తీయండి, ఎక్కడ తీశారో ఫోన్లో లొకేషన్ గుర్తు పెట్టుకోండి. ఏరి సంచిలో వేసుకుని రాకండి, తవ్వకండి. ఎక్కడ దొరికిందో తెలియని పెంకు దేనికీ పనికిరాదు.

తర్వాత చెరువు. దాని తూము రాళ్ళు, మెట్ల రాళ్ళు జాగ్రత్తగా చూడండి. పడిపోయిన గుడి నుంచి తెచ్చి వాడిన చెక్కడపు రాళ్ళు ఎక్కువగా దొరికేది అక్కడే. అమ్మవారి చెట్టు కింద పసుపు రాసి పెట్టిన రాయి నిజానికి ఏ పాత గుడి స్తంభం ముక్కో, శివలింగం పానవట్టమో, ఒక్కోసారి జైన విగ్రహమో అయ్యుండొచ్చు. అయితే ఇప్పుడది అమ్మవారు. ఆ మాట ఆ ఊరివాళ్ళ ముందు "ఇది మీ అమ్మవారు కాదు" అని అనాల్సిన పని ఎవరికీ లేదు. చెప్పులు విప్పి, పూజారినడిగి, ఆయన ఒప్పుకుంటేనే ఫొటో తీయండి.

రాయి మీద అక్షరాలు కనబడితే ఎలా చేయాలో వివరంగా చెప్తాను, ఎందుకంటే మంచి ఉద్దేశంతోనే ఎన్నో శాసనాలు పాడైపోతున్నాయి. సుద్దముక్కతో అక్షరాలు దిద్దకండి, సున్నం పూయకండి, నూనె రాయకండి, ఇనుప బ్రష్ అసలు వద్దు. మట్టి ఉంటే ఊరివాళ్ళ అనుమతితో మంచినీళ్ళు పోసి మెత్తటి కొబ్బరిపీచుతోనో గుడ్డతోనో నెమ్మదిగా కడగండి. పూర్తిగా ఆరనివ్వండి. ఫొటోకి నడినెత్తి ఎండ పనికిరాదు, అక్షరాల గాడిలో నీడ పడాలి, అందుకని పొద్దున్నే గానీ సాయంత్రం గానీ ఎండ ఏటవాలుగా పడేటప్పుడు తీయండి. ఇంకా మంచి ఉపాయం, చీకటి పడ్డాక టార్చిలైటు రాయికి పక్కగా, దాదాపు ఆనించి పట్టుకుని వెలుగుని అక్షరాల మీదుగా పోనివ్వడం. పగలు ఉత్త గరుకుగా కనిపించిన చోట వరసలు వరసలు లేచి కనిపిస్తాయి. మొత్తం రాయి ఒక ఫొటో, తర్వాత ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి ఒకదాని మీదొకటి కొంచెం కలిసేలా ముక్కలుగా ఫొటోలు. పక్కన టేపు పెట్టండి. గాంగుల కాలం లిపి మనకిప్పుడు తెలిసిన తెలుగులాగా ఉండదు, చదవలేకపోయినా ఫర్వాలేదు. మైసూరులో ఉన్న భారత పురావస్తు సర్వే శాసన విభాగానికి గానీ, దగ్గర్లో యూనివర్సిటీ చరిత్ర శాఖకి గానీ ఫొటోలు పంపితే చదివేవాళ్ళున్నారు.

ఈ ప్రాంతంలో పొలం దున్నుతుంటే, పునాది తవ్వుతుంటే గాంగుల రాగి రేకులు చాలాసార్లు బయటపడ్డాయి. మీకెవరైనా రేకో నాణేలో చూపిస్తే కొనకండి, చింతపండుతో తోమనివ్వకండి, కరిగించి అమ్ముకోకుండా చూడండి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి తెలియజేయాలి. ఈ సంగతి దొరికినవాళ్ళకి మెల్లగా, భయపెట్టకుండా చెప్పండి. భయపెట్టారంటే అది రాత్రికి రాత్రి మాయమవుతుంది.

కొండ ఊళ్ళకి వెళ్తే సవరలు పోయినవాళ్ళ కోసం గువార్ కర్మలో నిలబెట్టిన రాళ్ళు గుంపుగా కనిపిస్తాయి. అవి ఆ కుటుంబాల పెద్దలు. వాటి మీద కూర్చోవడం, చెయ్యేసి ఫొటో దిగడం దయచేసి చేయొద్దు. ఎవరి రాయి ఎక్కడుందో ఆ ఇంటివాళ్ళు చెప్తారు, ఇష్టమైతే. ఎన్ని తరాల రాళ్ళున్నాయో వాళ్ళే లెక్క చెప్తే, ఆ గూడెం అక్కడ ఎంత కాలంగా ఉందో దాన్ని బట్టి కొంత తెలుస్తుంది. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో బడి పాఠాలు చెప్తూనే సవర తెలిసిన మనిషిని దగ్గరుంచుకుని ఆ భాష నేర్చుకున్నారు, 1931లో దాని మీద పుస్తకం అచ్చయింది. అంత చేయలేకపోయినా, సవర ఊరి చరిత్రని కింద ఊరి తెలుగువాళ్ళ నోట విని రాసేయకండి. సవరలనే అడగండి, వాళ్ళ భాష తెలిసినవాళ్ళని తోడు తీసుకెళ్ళండి.

మనుషుల్ని అడగడం

ఊరి చరిత్ర అనగానే అందరూ మిమ్మల్ని పెద్ద వీధిలో పాత బుగతల (భూస్వాముల) ఇంటికి తీసుకెళ్తారు. వెళ్ళండి, కాఫీ తాగండి, వినండి. అక్కడితో ఆగిపోతే మాత్రం మీరు రాసేది ఊరి చరిత్ర కాదు, ఒక ఇంటి చరిత్ర. నేను దీని గురించి గట్టిగానే చెప్తాను. చెరువు తవ్వించినవారి పేరు పెద్ద వీధిలో తెలుస్తుంది, తవ్వినవాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారో, వాళ్ళకి ఏమిచ్చారో, కరువులో ఎన్ని కుటుంబాలు రంగూన్ వైపు వెళ్ళిపోయాయో వెనక వీధులకి తెలుసు. ప్రతి వీధిలోనూ కూర్చోండి. కంబారుల (పాలేర్ల) ఇళ్ళలో, నేతవాళ్ళ ఇళ్ళలో, సముద్రం పక్క ఊరైతే ఒడిశాలో నోలియాలని పిలిచే మన వాడబలిజల ఇళ్ళలో. జముకుల కథ చెప్పేవాళ్ళు, తప్పెటగుళ్ళు ఆడేవాళ్ళు ఉంటే వాళ్ళ పాటల్లో ఊళ్ళ పేర్లు, గొడవలు, కరువులు దొర్లుతాయి.

ఆడవాళ్ళని తప్పకుండా అడగండి. మగవాళ్ళు ఊరు మొదలైన కథ చెప్తారు, ఆడవాళ్ళు ఎవరెవరు ఎక్కడి నుంచి కాపురానికి వచ్చారో చెప్తారు, రెండోదే ఎక్కువ నిక్కచ్చి. సరిహద్దు పడినా సంబంధాలు ఆగలేదు. పాతపట్నం, మెళియాపుట్టి, టెక్కలి, పలాస వైపు నుంచి కోడళ్ళు వస్తూనే ఉన్నారు, ఇటు పిల్లలు అటు వెళ్తూనే ఉన్నారు. ఆ పుట్టిళ్ళ జాబితా రాస్తే, ఊరికి మొదట వచ్చిన కుటుంబాలు ఏ దిక్కు నుంచి వచ్చి ఉంటాయో ఒక దారి కనిపిస్తుంది. ఇంటిపేర్లని కూడా ఆ జాబితా పక్కన పెట్టండి, చాలా ఇంటిపేర్లు వదిలి వచ్చిన ఊళ్ళ పేర్లే.

ఏళ్ళు అడగొద్దు. "మీరు ఏ సంవత్సరంలో పుట్టారు మామ్మా" అంటే ఆధార్ కార్డులో ఉన్నది చెప్తుంది, అది చాలాసార్లు ఎవరో ఉజ్జాయింపుగా వేసింది. గుర్తులతో అడగండి.

"మీ అత్తగారు ఈ ఊరు ఎప్పుడొచ్చారు మామ్మా?"

"అదెప్పుడో బాబూ, గుణుపురం దాకా రైలుబండి ఏసిన ఏడంట. ఆవిడ చెప్పేది, పెళ్ళివారంతా బండి చూడ్డానికి పోయారంట."

సంవత్సరం దొరికిపోయింది. నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు 1900లో వచ్చింది, గుణుపురం దాకా 1931లో పొడిగించారు. ఇలాంటి గుర్తుల జాబితా ముందే రాసి జేబులో పెట్టుకోండి. విశాఖ మీద జపాను బాంబులు 1942 ఏప్రిల్‌లో. జమీందారీలు పోయింది అటు మద్రాసు వైపు 1948 చట్టంతో, ఇటు ఒరిస్సాలో 1951 చట్టంతో. గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ 2013 అక్టోబరు, తిత్లీ 2018 అక్టోబరు. దగ్గరి తుఫానులు ఎందుకంటే, చాలా ఇళ్ళలో పాత కాగితాలు, తాటాకులు పోయింది వాటిల్లోనే, ఎవరింట్లో ఏవి పోయాయో కూడా రాసుకోవాలి.

రికార్డు చేసేముందు అడగండి, ఫోన్ పైకి కనిపించేలా పెట్టండి. తగాదాలో ఉన్న భూముల ఊసు వస్తే ఆపేయండి. ఎవరి పట్టానీ ఫొటో తీసి బయట పెట్టకండి.

కాగితాలు

కరణం వంశంవాళ్ళు ఇంకా ఆ ఊళ్ళోనో దగ్గర పట్నంలోనో ఉంటే అదృష్టమే. అటక మీద పెట్టెలో తెలుగు లెక్కలు, తెలుగు అంకెలతో, ఉండొచ్చు. 1936కి ముందు ఊళ్ళ లెక్కలు ఎక్కువగా తెలుగులో, కొన్నిచోట్ల ఒడియాలో, ఒడియాలోనూ కరణీ రాతలో (కరణాల గొలుసు రాత) ఉంటాయి. పెట్టె మొత్తం ఇచ్చేయమని అడక్కండి. వాళ్ళ ఇంట్లోనే చాప మీద పరిచి, వెలుతురులో ఒక్కొక్క పేజీ ఫొటో తీసి, ఏ వరసలో ఉన్నవి ఆ వరసలోనే తిరిగి పెట్టేయండి.

వాటిలో కొలతలు గరిసెలు, పుట్లు, కుంచాల్లో ఉంటాయి, సంవత్సరాలు ఫసలీలో, అంటే శిస్తు లెక్కల సంవత్సరంలో, ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే చాలు, అది జూలైలో మొదలవుతుంది. ఫసలీ 1312 అంటే 1902 జూలై నుంచి 1903 జూన్ దాకా. శకవర్షానికి 78 కలపండి. తెలుగు సంవత్సరం పేరొక్కటే ఉంటే జాగ్రత్త, ధాత అంటే 1876, 1936, 1996 మూడూ అవుతాయి, కాగితంలో ఉన్న జమీందారు పేరో, స్టాంపో చూసి తేల్చాలి.

ఒడియా తాటాకుల్లో, దానపత్రాల్లో అంకం అని ఉంటే తొందరపడి లెక్కేయొద్దు. అది పూరీ గజపతి రాజుల ఏలుబడి సంవత్సరం, కానీ అందులో 1 ఉండదు, 6తో అంతమయ్యేవి ఉండవు, 10 తప్ప సున్నాతో అంతమయ్యేవీ ఉండవు. అంటే 25వ అంకం అన్నది నిజానికి 21వ ఏడు. 1866 కరువుని ఒడియావాళ్ళు నఅంక అంటారు, తొమ్మిదో అంకంలో వచ్చింది కాబట్టి, రాజు గద్దెనెక్కి అప్పటికి ఏడో ఏడే. ఈ అంకం సంగతి తెలియక తేదీలు నాలుగైదేళ్ళు తప్పుగా వేసినవి నేను చూస్తూనే ఉంటాను.

ఇప్పటి భూమి రికార్డులు ఒడిశాలో భూలేఖ్ వెబ్‌సైట్‌లో ఉన్నాయి. జిల్లా, తహసీల్, మౌజా (రెవెన్యూ గ్రామం) ఎంచుకుంటే ఖాతాలు ఒడియాలో వస్తాయి. మనకి యజమానుల పేర్లతో పని లేదు, కిసమ్ (భూమి రకం) అన్న గడి చూడాలి. జలాశయం, గోచరం (పశువుల మేత భూమి), శ్మశానం, దేవస్థలం అని రాసి ఉన్న నంబర్లు తీసి భూనక్షా మ్యాపు మీద గుర్తు పెట్టండి. ఇప్పుడు ఇళ్ళు లేచిన చోట ఒకప్పుడు చెరువుండేదని అక్కడ బయటపడుతుంది. కోరాపుట్ జిల్లాలో పెద్ద సెటిల్‌మెంటు (భూమి కొలిచి శిస్తు ఖాయం చేయడం) 1938లో మొదలై 1964 దాకా సాగింది, కాబట్టి అక్కడి ఊళ్ళకి ఆ కాలం కాగితమే మొదటి గట్టి ఆధారం. సరిహద్దుకి అవతల ఆంధ్రా ఊరైతే తహసీల్దార్ ఆఫీసులో డైగ్లాట్ (సర్వే నంబర్ల పాత రిజిస్టరు), ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) అడగండి.

మీ ఊరు అగ్రహారమో ఇనామో (దానంగా ఇచ్చిన భూమి) అయితే ఇంకో మంచి దారి ఉంది. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసి, పాత దానాల్ని విచారించి రిజిస్టర్లు రాయించింది. దానమిచ్చిన రాజు పేరు, ఎందుకిచ్చాడు, ఎవరికిచ్చాడు, తర్వాత ఎవరి చేతుల్లోకి పోయింది, ఇవన్నీ గడులు గడులుగా ఉంటాయి. జమీందార్ల శిస్తుని శాశ్వతంగా ఖాయం చేసిన 1802 నాటి పర్మనెంట్ సెటిల్‌మెంటుకి ముందు ఇచ్చిన దానాలకే ఇది బాగా పనికొస్తుంది, ఆ తర్వాత జమీందార్లు ఇచ్చినవి అందులో వెతకడం వృథా. మద్రాసు కాలపు రికార్డుల కోసం చెన్నై ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్, తర్వాతి వాటికి భువనేశ్వర్‌లో ఒడిశా స్టేట్ ఆర్కైవ్స్. తాళపత్రాల కోసం భువనేశ్వర్‌లోనే స్టేట్ మ్యూజియం. చెన్నై వెళ్ళే ముందు మీ కాగితం మీద తాలూకా, ఎస్టేటు పేర్లు సరిగ్గా ఉన్నాయో లేదో ఇంకోసారి చూసుకోండి, అక్కడ ఫైలు అడగాలంటే అవే కావాలి.

విన్నదాన్ని ఎంతవరకు నమ్మాలి

రాజుగారు వేటకొచ్చి కుందేలు కుక్కని తరమడం చూసి ఊరు కట్టించారన్న కథ మీకు ఊరూరా వినిపిస్తుంది. రాసుకోండి, ఎవరు చెప్పారో, ఏ వీధిలో చెప్పారో కూడా. దాన్ని బట్టి తేదీ మాత్రం వేయకండి. అలాగే గంజాం జిల్లా జౌగడలో అశోకుడి శాసనం ఉందనో, మహేంద్రగిరి మీద చోళుల శాసనం ఉందనో, పక్కనే ఉన్న మన ఊరూ అంత పాతదేనని చెప్పేయడం తప్పు. ఆ రాయి ఆ చోటుది. మీ ఊరికి మీ ఊళ్ళో దొరికిన రాయి, పెంకు, కాగితం, తరాల లెక్క కావాలి.

నా పద్ధతి ఏమిటంటే, ప్రతి సంగతి పక్కనా చూసింది, చదివింది, విన్నది అని ఒక ముక్క రాస్తాను. తరానికి పాతికేళ్ళు చొప్పున వెనక్కి లెక్కేస్తే ఆరు తరాలు చెప్పగలిగిన కుటుంబం నూటయాభై ఏళ్ళు వెనక్కి వెళ్తుంది. అది ఇనాం రిజిస్టరులోని పేరుతో కలిసిందంటే గట్టి సంగతి. కలవకపోతే రెండూ రాయండి, ఒకదాన్ని చెరిపేయకండి. రెండు వీధులు రెండు కథలు చెప్తే అదీ అంతే, ఆ తేడాయే ఆ ఊరి చరిత్రలో ఒక భాగం, చాలాసార్లు ముఖ్యమైన భాగం.

రాయడం, తిరిగి ఇవ్వడం

నలభై పేజీలు దాటక్కర్లేదు. ఒక చేత్తో గీసిన మ్యాపు, చెరువులు, గుళ్ళు, పాటిదిబ్బ, వీధుల పేర్లతో. కుటుంబాలు వచ్చిన వరస. దొరికిన శాసనాల ఫొటోలు. పెద్దలు చెప్పినవి వాళ్ళ మాటల్లోనే, యాస దిద్దకుండా. పేరు వేయొద్దన్నవాళ్ళ పేరు తీసేయండి. దిబ్బ ఎక్కడుందో, పాత విగ్రహం ఎక్కడుందో మరీ గుర్తుపట్టేంత వివరంగా ఇంటర్నెట్‌లో పెట్టకండి, విగ్రహాల దొంగలు అవి చదువుతారు. ఊరి కాపీలో ఉంటే చాలు.

అచ్చు వేసే ముందు రామకోవెల దగ్గర సాయంత్రం పూట కూర్చుని మొత్తం పైకి చదవండి, అన్ని వీధులవాళ్ళనీ పిలిచి. తప్పులు అప్పటికప్పుడే దిద్దుతారు, మర్చిపోయినవి గుర్తు చేస్తారు, ఒకరిద్దరు కోప్పడతారు కూడా, వాళ్ళ మాటా చేర్చండి. తర్వాత తెలుగులోనూ ఒడియాలోనూ రెండు భాషల్లో కాపీలు వేయించండి. బడిలో పిల్లలు ఒడియాలోనే చదువుతారు, తెలుగులో మాత్రమే ఉంటే వాళ్ళ తాతల కథ వాళ్ళే చదువుకోలేరు. ఒక కాపీ బడికి, ఒకటి పంచాయతీ ఆఫీసుకి, ఒకటి మీకు లెక్కలు చూపించిన కరణంగారింటికి, ఒకటి వెనక వీధిలో మీతో ఎక్కువసేపు మాట్లాడిన ఇంటికి. రికార్డింగుల పెన్‌డ్రైవ్ ఒకటి మాస్టారి దగ్గర ఉంచి, ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో పెట్టడానికి ఒప్పుకున్నవాళ్ళవి మాత్రం అక్కడ ఎక్కించండి, ఊరి పేరు మూడు స్పెల్లింగుల్లోనూ ఇచ్చి.